పొదుగువాపుకు టీకా ఎందుకంత కష్టం?

ప్రశ్న: మా ఆవులకు గాలికుంటు, గొంతువాపు టీకాలు వేళకు వేయిస్తున్నాము. అయినా ఈనిన కొద్ది రోజులకే పొదుగువాపు వచ్చి చన్నులు చెడిపోతున్నాయి. దీనికి విదేశాల్లో టీకా ఉన్నదంటున్నారు, నిజమేనా?
– ఒక పాడి రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: నిజమే. అయితే ఆ టీకాల నుంచి గాలికుంటు టీకా ఇచ్చేంత రక్షణను ఆశించకూడదు. పొదుగువాపును ఎన్నో రకాల బాక్టీరియా కలిగిస్తాయి. స్టెఫైలోకాకస్ ఆరియస్ ముఖ్యంగా పాలు పితికే చేతులు, యంత్రాల ద్వారా ఒక ఆవు నుంచి మరొకదానికి పాకుతుంది, ఇ. కోలై పేడ నుంచి, తడి నేల నుంచి చన్నులోకి చేరుతుంది. ఒకదానికి చేసిన టీకా రెండోదాన్ని ఆపదు.

అంతకన్నా పెద్ద చిక్కు పొదుగులోనే ఉంది. టీకా వల్ల రక్తంలో పుట్టిన ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) పాలలోకి కొద్దిగానే చేరతాయి, చేరినవీ అంత పాలలో పలచబడిపోతాయి. బాక్టీరియాను మింగవలసిన తెల్ల రక్తకణాలు అక్కడ వెన్న బిందువులను, కేసీన్ అనే పాల ప్రొటీన్‌ను కూడా మింగి శక్తి కోల్పోతాయి. పోనీ రోగనిరోధక స్పందనను బాగా పెంచుదామంటే, ఆ వాపే పాలనిచ్చే కణజాలాన్ని దెబ్బతీస్తుంది. వేగంగా మొదలై, హద్దు దాటకుండా ఆగే స్పందన కావాలి. పరిశోధకులను ఇన్నేళ్లుగా వేధిస్తున్నది ఇదేనని నా అభిప్రాయం. పైగా ఆరియస్ పొదుగు కణాల లోపల దాగుతుంది, తన చుట్టూ జిగురుపొర కట్టుకుంటుంది.

ఇ. కోలై విషయంలో కొంత దారి దొరికింది. జె5 అనే రకానికి పైపొరలోని చక్కెర గొలుసులు ఉండవు కనుక, ఇ. కోలై చేరిన గ్రామ్-నెగటివ్ అనే వర్గంలోని అనేక బాక్టీరియాలో ఉమ్మడిగా ఉండే లోపలి భాగం బయటపడి కనిపిస్తుంది. దానితో చేసిన టీకా జబ్బు రాకుండా ఆపలేకపోయినా తీవ్రతను తగ్గిస్తుంది. ప్రాణాపాయం దాకా వెళ్లగల జబ్బులో ఇది చిన్న మేలు కాదు. జె5తో పాటు ఆరియస్‌ను కూడా కలిపిన స్టార్ట్‌వాక్ అనే టీకాకు ఐరోపాలో 2009లో అనుమతి లభించింది. దాని మొదటి మోతాదును ఈనడానికి 45 రోజుల ముందు, రెండోదాన్ని 10 రోజుల ముందు వేస్తారు, ఈనిన తర్వాత మరొకటి ఉంటుంది. పొదుగువాపు కలిగించే మరో బాక్టీరియా స్ట్రెప్టోకాకస్ యూబరిస్‌కు వేరే టీకా 2018లో వచ్చింది.

టీకా వేయించినా, పితికిన వెంటనే చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచడం, చన్ను రంధ్రం మూసుకునేదాకా మేత వేసి ఆవును నిలబెట్టి ఉంచడం మానకూడదు. ముందుగా, మందు వాడకముందే జబ్బు చన్ను పాలను శుభ్రమైన సీసాలో పట్టి, మీ పశువైద్యుని ద్వారా వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు పంపించండి. మీ మందలో ఉన్నది ఏ బాక్టీరియానో తేలాకే టీకా సంగతి ఆయనతో మాట్లాడండి.