ధ్రువాలకు వెళ్లేముందు కళింగపట్నం వెళ్లు

సోంపేట

చి. సుజాతకి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం, దాంతోపాటు అంటార్కిటికా వెళ్లడానికి దరఖాస్తు కోసం రాసిన రెండు పేజీలూ అందేయి. నిన్న మీ అమ్మ ఫోన్ చేసి "అంటార్కిటికా గింటార్కిటికా వద్దని నువ్వు చెప్పు, నీ మాటయితే వింటాది" అంది. నేను వద్దనను. కానీ ఆ రెండు పేజీల గురించి నాలుగు మాటలు చెప్పాలి.

అందులో పెంగ్విన్లున్నాయి, ధ్రువాల ఆకాశంలో కనిపించే అరోరా వెలుగులున్నాయి, 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి కూలిపోయిన మన కొబ్బరితోట ఉంది. నువ్వెళ్లి ఏం కొలుస్తావో మాత్రం లేదు. ఎంపిక చేసేవాళ్లు మొదట అడిగేది అదే. ధ్రువాల్లో మంచు కరగబట్టే తిత్లీ వచ్చిందని రాసేవే, ఆ వాక్యం కొట్టీ. ఫలానా తుపానుకి ఫలానాది కారణం అనాలంటే బోలెడు లెక్క చెయ్యాలి. మంచు కరిగి, నీళ్లు వేడెక్కి సముద్రమట్టం పెరుగుతోంది, అంచేత అదే బలంతో తుపాను వచ్చినా ఉప్పెన ఇంకాస్త లోపలికి తోసుకొస్తుంది. అంతవరకే రాయి. దాన్ని ఎవరూ కాదనలేరు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సిన పని. కళింగపట్నంలో వాతావరణ శాఖ అబ్జర్వేటరీ ఉంది. నేను ఆ శాఖలోనే రిటైరయ్యేను కాబట్టి చెప్తున్నాను, మర్యాదగా అనుమతి అడిగి, పొద్దున్న 8.30 రీడింగు తీసేటప్పుడు పక్కన నిలబడు. థర్మామీటర్లుండే తెల్లరంగు చెక్కపెట్టె తలుపు తీస్తారు. థర్మామీటర్లో ద్రవం మట్టానికి కన్ను సరిగ్గా ఎదురుగా ఉండాలి, పైనుంచి చూస్తే ఒక లెక్క, కిందనుంచి చూస్తే ఇంకో లెక్క వస్తుంది. ముందు దశాంశం చదవాలి, తర్వాతే డిగ్రీలు. మన ఒంటి వేడికీ ఊపిరికీ ముందు కదిలేది దశాంశమే మరి. అంటార్కిటికాలో మన దేశపు స్టేషన్ మైత్రిలో మేం తీసిందీ ఇలాంటి రీడింగే, ప్రపంచమంతటికీ ఒకటే అయిన గడియారం ప్రకారం. కాకపోతే అక్కడ గాలి నిలబడనివ్వదు, గ్లవ్సు తీస్తే వేళ్లు మొద్దుబారిపోతాయి, పెన్నులో సిరా కదలదు. పెన్సిలే గతి.

ఇంతోటి దానికి అంత దూరం ఎందుకని నీకనిపిస్తుంది. అంటార్కిటికాలో బ్రిటిష్ వాళ్ల హాలీ స్టేషన్ సంగతి చూడు. 1950ల చివర్నుంచి అక్కడ ఏటా ఓజోను కొలుస్తూ వచ్చేరు. ఏళ్ల తరబడి ఆ అంకెల్లో చెప్పుకోవడానికి ఏమీ లేదు. తర్వాత, 1970ల చివర్నుంచి, అక్కడి వసంతకాలంలో ఆ అంకె పడిపోవడం మొదలైంది. ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అనే ముగ్గురు 1985లో ఆ సంగతి అచ్చువేసేరు. 1987కల్లా, ఓజోనుని తినేసే రసాయనాల్ని తగ్గించాలన్న మాంట్రియల్ ఒప్పందం మీద దేశాలు సంతకాలు పెట్టేయి. విసుగెత్తించిన ఆ పాత అంకెలే లేకపోతే, పడిపోయిందని దేంతో పోల్చి చెప్తారు? నన్నడిగితే ధ్రువాల సైన్సులో సగం బలం ఇదే, ఎవరూ చూడనప్పుడు కూడా రీడింగు మానకపోవడం.

కాబట్టి నీ ప్రశ్న చిన్నది చేసుకో. "వాతావరణ మార్పుల్లో ధ్రువాల పాత్ర" అన్నది ప్రశ్న కాదు, సభలో ఉపన్యాసం. మైత్రి ఉన్న షిర్మాకర్ ఒయాసిస్‌లో వందకు పైగా సరస్సులున్నాయి. వాటిమీద మంచు ఏటా ఏ వారంలో విరుగుతోంది, ఆ వారం ముందుకు జరుగుతోందా? ఇది ప్రశ్న. సముద్రపు మంచు ఉపగ్రహ లెక్కలు 1979 నుంచి ఉన్నాయి, ఎవరైనా డబ్బు కట్టకుండా దింపుకోవచ్చు. 1959లో పన్నెండు దేశాలు సంతకం చేసిన అంటార్కిటికా ఒప్పందంలోనే, కొలిచింది అందరితో పంచుకోవాలని ఉంది. మన దేశం 1983లో అందులో చేరింది. ముందు ఆ డేటాతో ఇంట్లో కూర్చుని ఏడాది పనిచెయ్యి.

తతంగం సంగతి క్లుప్తంగా. గోవా, వాస్కోలో ఉన్న ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం ప్రతిపాదనలు పిలుస్తుంది, మీ ప్రొఫెసరుగారి ద్వారా యూనివర్సిటీ తరఫున పంపండి. ఎంపికైతే ఢిల్లీ ఎయిమ్స్‌లో వైద్య పరీక్షలు, ఔలీలో మంచు మీద శిక్షణ. ఆర్కిటిక్ వైపు మొగ్గితే నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల్లో 2008 నుంచి మన హిమాద్రి స్టేషన్ ఉంది. అక్కడ ఊరు దాటి వెళ్తే తెల్ల ఎలుగుబంట్ల భయానికి తుపాకీ వెంట ఉండాలి.

శీతకాలం ఉండిపోతే మాత్రం సైన్సు కంటే మనుషులతోనే పని. మైత్రిలో రెండు నెలలు సూర్యుడు మొహం చూపించడు. వంటింటి డ్యూటీ శాస్త్రవేత్తకీ తప్పదు. ఎవరో కప్పు కడక్కుండా వదిలేసేరని ఇద్దరు పీహెచ్‌డీలు వారం రోజులు మాట్లాడుకోకపోవడం నేను చూసేను. పదిమందికి అన్నం వండడం ఇప్పుడే నేర్చుకో, నవ్వకు.

మీ అమ్మకి చెప్పు, 1983-84లోనే సుదీప్తా సేన్‌గుప్తా, అదితి పంత్ అనే ఇద్దరు మహిళా శాస్త్రవేత్తలు అంటార్కిటికా వెళ్లొచ్చేరు. ఇస్రో శాస్త్రవేత్త మంగళా మణి యాభై ఆరేళ్ల వయసులో అక్కడే మన ఇంకో స్టేషన్ భారతిలో ఏడాది పైగా ఉన్నారు.

చివరగా బట్టలు. బయటి విత్తనం ఒక్కటి కూడా అక్కడ పడకూడదని నియమం. మన తోటల్లో తిరిగిన బూట్లు, బ్యాగులు తీసుకెళ్లకు. తప్పనిసరైతే జేబుల అడుగు తిరగేసి దులుపు, వెల్‌క్రో పట్టీల్లో ఇరుక్కున్న గడ్డిగింజల్ని సూదితో ఒక్కొక్కటీ తీసీ. సర్దడం మొదలెట్టేముందు ఫోన్ చెయ్యి, మిగతా లిస్టు చెప్తాను.

మావయ్య