హామ్‌స్టర్ పిల్ల చెయ్యి పెడితే కరుస్తోంది, మచ్చిక చేసుకోవడం ఎలా?

తెచ్చి వారమైనా చెయ్యి పెట్టగానే కరుస్తోందన్నారు కదా, అది కోపం కాదండీ, భయం. ఎలుకలా ఉండే ఈ చిన్న పెంపుడు జంతువు హామ్‌స్టర్‌కి చూపు అంతంతమాత్రం, అన్నీ వాసనతోనే పోల్చుకుంటుంది, అందుకే పైనుంచి దిగే చెయ్యి దానికి గద్దలాంటిదే. సబ్బు వాసన, తిండి వాసన లేకుండా చేతులు కడుక్కుని, చీకటి పడ్డాక అది తనంతట తాను లేచినప్పుడు అరచేతిలో ఒక పొద్దుతిరుగుడు గింజ పెట్టి, చెయ్యి కదపకుండా పంజరం అడుగున ఉంచండి. మొదట మెడ సాచి, మీసాలు ఆడిస్తూ వాసన చూసి, గింజ లాక్కుని పారిపోతుంది. పోనివ్వండి. అరచేతిలోనే కూర్చుని బుగ్గలో దాచుకునే రోజు వచ్చేదాకా ఎత్తుకోవద్దు, ఎత్తినా నేలకి దగ్గరగానే, రెండు చేతులతో. పగలు నిద్ర లేపితే కరవక ఏం చేస్తుంది!

మన చెన్నైలో అసలు టెన్షన్ కత్తిరి ఎండలది, అదే మే నెలలో మండిపోయే ఎండలది. 30 డిగ్రీలు దాటితే దానికి ప్రమాదమే. డాబా కింది గదిలో, కిటికీ పక్కన పెట్టకండి. పడుకోవడానికి ఒక చల్లని గ్రానైట్ ముక్క వేయండి. ఒళ్లంతా పరిచేసి, చొంగ కారుస్తూ ఎగశ్వాస తీస్తుంటే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. ఉక్కగా ఉందని నీళ్లతో స్నానం మాత్రం చేయించొద్దు, గిన్నెలో పొడి ఇసుక పెడితే అదే దొర్లుతుంది. దూది పరుపు వద్దు, కాళ్లకి చుట్టుకుంటుంది. తోడుకని రెండోదాన్ని తేవద్దు, సిరియన్ రకమైతే పెద్దయ్యాక చచ్చేలా కొట్టుకుంటాయి.