వంతెన జాయింట్ తగలగానే స్టీరింగ్ ఊగిపోతుంటే

ఇంక చక్రాల బ్యాలెన్సింగ్‌కి డబ్బులు పెట్టకండి. సిద్ధాంతం ఊరి దగ్గర గోదావరి వంతెన మీద జాయింట్ (పలకల మధ్య అతుకు) తగలగానే స్టీరింగ్ ఊగిపోతోందని, స్పీడు బాగా తగ్గిస్తే గానీ ఆగట్లేదని రాశారు కదండీ, బ్యాలెన్సింగ్ తేడా అయితే నున్నటి రోడ్డు మీద కూడా ఒక స్పీడు దగ్గర అదురుతుంది, ఇలా గతుకుతో మొదలయ్యేది మాత్రం చాలావరకు ముందు యాక్సిల్ దగ్గర లూజే.

మీది ముందు కమాన్ కట్టలున్న పికప్. చక్రాలు నేల మీదే ఉంచి, ఇంజిన్ ఆన్ చేసి, ఒకరిని స్టీరింగ్ కొంచెం కొంచెంగా అటూ ఇటూ తిప్పమని, మీరు పక్కనుంచి లైటు వేసి టై రాడ్ (ముందు చక్రాలు రెండిటినీ కలిపే కడ్డీ), డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రం వైపు వెళ్లే కడ్డీ) చివర్లు చూడండి. రాడ్ కదిలాక చక్రం ఒక్క క్షణం ఆలస్యంగా కదిలి, జాయింట్ టక్కుమంటే అది పోయినట్టే. తర్వాత జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టి, టైరుని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట (లూజు కదలిక) ఉంటే ఒకరిని బ్రేకు తొక్కమనండి. అప్పుడు ఆట పోతే వీల్ బేరింగ్, పోకపోతే చక్రం పక్కకి తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్ గానీ బాల్ జాయింట్ గానీ. రొయ్యల ట్రేల ఉప్పునీళ్లు కారే బండి కాబట్టి గ్రీజు పాయింట్లు తుప్పుతో మూసుకుపోయాయేమో కూడా చూడండి. కమాన్ కట్టల చివర ఉండే షాకిల్ బుష్‌లు, కట్టల్ని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు సరేసరి, అవీ చూడాల్సిందే.

స్టీరింగ్ అదురు తగ్గించే కొత్త డ్యాంపర్ వేస్తే కొన్నాళ్లు తగ్గినట్టుంటుంది, అరుగుదల అలాగే ఉంటుంది, దయచేసి దాంతో సరిపెట్టుకోకండి. పార్టులు మార్చాకే అలైన్‌మెంట్, క్యాస్టర్ కోణంతో (చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో ఉండే వాలు) సహా.

ఈలోగా ఊగితే సడన్ బ్రేకు వేయకండి, యాక్సిలరేటర్ వదిలి స్టీరింగ్ గట్టిగా పట్టుకోండి. కాలవ గట్టు రోడ్ల మీద మాత్రం బాగయ్యేదాకా లోడుతో తిప్పొద్దండీ.