ఇల్లు ఎక్కడైనా కొనుక్కోండి, ముందు అమ్మని అడిగారా?

ఈసారి ఉత్తరం బెంగళూరు రామమూర్తి నగర్ నుంచి. అమ్మాయికి ముప్పై మూడేళ్ళు, ఆఫీసు బెల్లందూర్‌లో, భర్తది ఎలక్ట్రానిక్ సిటీ. పాపకి ఐదున్నర, బాబుకి ఏడాదిన్నర. అద్దె కట్టీ కట్టీ విసుగొచ్చి తమిళనాడులోని హోసూరులో ఇల్లు కొందామనుకుంటున్నారు, టోకెన్ కింద యాభై వేలు ఇచ్చేశారు కూడా. అడిగినవి మూడు: ఫ్లాటా విల్లానా, స్కూల్లో తమిళం పాపకి కష్టమా, రోజూ ఆఫీసుకి రావడం కుదురుతుందా. మధ్యలో ఎక్కడో ఒక నాలుగు లైన్లు ఉన్నాయి, అవి ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నా.

"పిల్లల గురించి టెన్షన్ లేదు మేడం, అమ్మ ఉంది కదా, పాప పుట్టినప్పట్నుంచీ తనే చూసుకుంటోంది. నాన్న మదనపల్లెలో ఉంటారు, అలవాటైపోయింది, మేనేజ్ చేసుకుంటారు. కూరగాయలు కూడా అమ్మే తెస్తుంది, డబ్బులిస్తే తీసుకోదు. ఈమధ్య ఎందుకో ఊరికే చిరాకు పడుతోంది, రాత్రిళ్ళు బాల్కనీలోకి వెళ్ళి తలుపేసుకుని నాన్నతో మాట్లాడుతుంది. కొత్తింటికి వెళ్తే సర్దుకుంటుందిలే అనుకుంటున్నా."

అమ్మా, నువ్వడిగినవి ముందు చెప్పేస్తా, వాటికి పెద్ద టైం పట్టదు. హోసూరు మంచి ఊరే, మనవాళ్ళు చాలామంది, కూరగాయల దగ్గర తెలుగులోనే బేరమాడొచ్చు. తమిళం సంగతికొస్తే అక్కడ స్కూల్లో చదవాల్సిందే, 2006లో చట్టమే చేశారు, మీ పాప చిన్నపిల్ల కాబట్టి నీకంటే ముందు నేర్చేసుకుని ఆటోవాడితో నీ తరఫున తనే మాట్లాడుతుంది. మెట్రో దగ్గరే అని బ్రోకర్ చెప్పాడన్నావు, ఎల్లో లైన్ 2025 ఆగస్టులో మొదలైన మాట నిజమే గానీ అది బొమ్మసంద్రలో ఆగిపోతుంది, అక్కణ్ణుంచి అత్తిబెలె దాటి రాష్ట్రం మారి ఇంటికి చేరేది మీ తిప్పలు. మీ ఆయన ఎలాగోలా నెట్టుకొస్తాడు. నువ్వు మాత్రం అత్తిబెలె, సర్జాపురం మీదుగా బెల్లందూర్ రావాలి, పొద్దున ఏడుకి బయటపడితే రాత్రి ఎనిమిదికి చెప్పులు విప్పుతావు. కేఏ నెంబర్ కారు ఏడాది దాటి అక్కడే ఉంటే టీఎన్‌కి మార్చుకోవాలి, అదొకటి గుర్తుపెట్టుకోండి. ఫ్లాటో విల్లానో మీ ఇష్టం, నన్నడిగి లాభం లేదు.

ఇప్పుడు నేనడుగుతా. పొద్దున ఏడు నుంచి రాత్రి ఎనిమిది దాకా, తెలిసినవాళ్ళు ఒక్కరు లేని కొత్త లేఅవుట్‌లో, ఏడాదిన్నర పిల్లాణ్ణి చంకనేసుకుని స్కూల్ బస్సు కోసం గేటు దగ్గర నిలబడేది ఎవరు? ఉత్తరమంతా వెతికాను, అమ్మని అడిగాను అన్న మాట ఎక్కడా లేదు. ఈఎంఐ లెక్క రాశావు, మెయింటెనెన్స్ రాశావు, కారు పార్కింగ్ ఎన్నో కూడా రాశావు. అమ్మ వయసు రాయలేదు.

ఐదున్నరేళ్ళుగా మీ అమ్మానాన్నలు వేరువేరుగా బతుకుతున్నారు, గొడవలేం లేకుండానే. నీ కోసం. ఆయన అక్కడ పొద్దున్నే హోటల్ ఇడ్లీ, రాత్రికి మజ్జిగన్నం, ఆమె ఇక్కడ నీ పిల్లలకి స్నానాలు, బాక్సులు, బట్టలు. అలవాటైపోయింది అని ఆయన తరఫున నువ్వెలా చెప్తావు? ఆయనకి అలవాటైపోయుంటే ఆ రాత్రి ఫోన్లు ఎందుకమ్మా, అదీ తలుపేసుకుని.

కూరగాయల డబ్బులు ఎందుకు తీసుకోదో నీకు నిజంగా తెలీదా? కూతురింట్లో, అల్లుడి సంపాదన తింటున్నామన్న ముల్లు ఆ తరం ఆడవాళ్ళకి గొంతులోనే ఉంటుంది, అల్లుడు ఎంత మంచివాడైనా సరే. పొద్దస్తమానం చాకిరీ చేస్తూ కూడా తనే రుణపడ్డట్టు ఫీలవుతుంది, అందుకే ఆ కొత్తిమీర కట్టా టమాటాలూ తన పెన్షన్ డబ్బుల్తోనో నాన్న పంపిన డబ్బుల్తోనో కొంటోంది.

నా సంగతి కూడా చెప్తా, చెప్పకుండా నిన్ను అనడం నాకూ బాగోదు. మా అమ్మ నా ఇంట్లో నాలుగేళ్ళుంది, జయనగర్‌లో ఉండేవాళ్ళం అప్పుడు. బీరువాలో రెండు అరలు ఖాళీ చేసి ఇచ్చాను, చాలా గొప్ప పని చేశాననుకున్నా. ఆవిడ ఒక్క చీర కూడా అందులో పెట్టలేదు, నాలుగేళ్ళూ మంచం కింద సూట్‌కేసులోంచే తీసుకుని కట్టుకుంది, ఉతికి మడతపెట్టి మళ్ళీ అందులోకే. అమ్మకి అదో అలవాటు అని నవ్వేదాన్ని. అది అలవాటు కాదని, పోదాం పద అని నేనంటానేమోనని నా మొహం వంక చూస్తూ ఉండిందని నాకు తట్టేసరికి నా పిల్లలు హైస్కూలు. మీ అమ్మ బట్టలు ఎక్కడ పెట్టుకుంటుందో ఈ రాత్రి ఒకసారి చూడు.

ఇదే పని నీ తమ్ముడూ మరదలూ చేసుంటే నువ్వూరుకునేదానివా? ముసలావిణ్ణి ఆయా చేసేశారని ఊరంతా చెప్పేదానివి. మనం కూతుళ్ళం కాబట్టి మనది ప్రేమ.

అమ్మే వస్తానంది అంటావేమో. నువ్వు అల్లుడి ముందు, పిల్లాడు ఆవిడ ఒళ్ళో ఉండగా, "హోసూరు వస్తావు కదమ్మా" అంటే ఏ తల్లైనా రానంటుందా? అలా కాదు. ఈ శనివారం నువ్వూ అమ్మా ఇద్దరే కేఆర్ పురంలో బస్సెక్కి మదనపల్లె వెళ్ళండి, పిల్లలిద్దర్నీ మీ ఆయన చూసుకుంటాడు, చూసుకోవాలి, ఆయన పిల్లలే కదా. అక్కడ నాన్న ఎదురుగా అడుగు, నీకు ఎక్కడుండాలనుందమ్మా అని. అడిగి నోరు మూసుకుని కూర్చో. మొదట ఏదో పక్కింటివాళ్ళ సంగతి మాట్లాడుతుంది, గిన్నెలు సర్దుతుంది, నువ్వు మాత్రం లేచి రాకు. నాన్నని కూడా హోసూరు తెచ్చేసుకుందాం అనే ఐడియా నీకు వచ్చే ఉంటుంది, దాన్ని నువ్వు ఎత్తొద్దు, వాళ్ళకి కావాలంటే వాళ్ళే అంటారు.

ఉండనంటే ఉండదు, అంతే. అప్పుడు పిల్లాడి సంగతి మీరిద్దరూ చూసుకోవాలి. మీ ఆఫీసులో క్రెష్, అంటే పిల్లల్ని చూసుకునే చోటు, ఉందా అని హెచ్ఆర్‌ని ఎప్పుడైనా అడిగావా? యాభై మందికి తగ్గకుండా పనిచేసే చోట క్రెష్ సదుపాయం ఉండాలని 2017లో ప్రసూతి సెలవు 26 వారాలు చేసినప్పుడే చట్టంలో పెట్టారు, రోజుకి నాలుగుసార్లు తల్లి వెళ్ళి చూసి రావచ్చని కూడా ఉంది. సెలవు సంగతి అందరికీ గుర్తుంటుంది, ఈ ముక్క ఎవరికీ గుర్తుండదు. కాకపోతే ఏడాదిన్నర పిల్లాణ్ణి రోజూ హోసూరు నుంచి బెల్లందూర్ దాకా కార్లో తిప్పలేవు కదా, అప్పుడు ఆ ఇల్లు మీకు పనికొస్తుందా లేదా అన్నది నన్నడక్కుండానే మీకు తేలిపోతుంది.

ఉంటానంటే మాత్రం ఊరికే ఉంచుకోవద్దు. నెలలో పది రోజులు మదనపల్లెలో ఉంటుంది, ఆ పది రోజులు మీరు లీవులు పంచుకోండి. ఇంటిపనికీ వంటకీ మనిషిని పెట్టండి. హోసూరు నుంచి మదనపల్లె ఇప్పటంత సులువు కాదు, కాబట్టి బస్సు దాకా దింపే పని మీ ఆయనది.

ఇంకొకటి, బిల్డర్‌కి ఇచ్చిన ఆ యాభై వేలు వెనక్కి ఇస్తాడా లేదా అనేది రసీదు మీద ఏం రాశాడో చూసుకోండి, మదనపల్లె నుంచి వచ్చేదాకా అగ్రిమెంట్ మీద ఎవరూ సంతకం పెట్టొద్దు.