లారీలో మ్యాప్ తెరకు నాలుగేళ్ల అప్పు అవసరమా?

ప్రశ్న: మాది చిత్తూరు. ఉన్న ఒక్క లారీకి అప్పు తీరిపోయింది. ఇప్పుడు 18.5 టన్నుల ఆరు చక్రాల కొత్త బండి తీసుకుంటున్నాను. సీజన్లో మామిడి గుజ్జు డ్రమ్ములు చెన్నై పోర్టుకు వెళ్తాయి. మిగతా రోజుల్లో బెల్లం, దాణా బాడుగలు దొరుకుతాయి. షోరూమువాళ్లు నావిగేషన్ తెర ఉన్న మోడల్ తీసుకోమంటున్నారు. 55 వేలు ఎక్కువవుతుందట, లోనులో కలిపేస్తామంటున్నారు. బయట షాపులో ఆండ్రాయిడ్ తెర 18 వేలు, అద్దం దగ్గర పెట్టుకునే జీపీఎస్ పెట్టె 12 వేలు చెప్పారు. మా అబ్బాయి ఫోన్ చాలంటాడు. డ్రైవరు కొత్త, చెన్నై దారులు తెలియవు. చేతిలో 40 వేలున్నాయి. లోను 11 శాతం వడ్డీకి 48 నెలలు. ఏది మేలు?

జవాబు: మీ అబ్బాయి మాటే సరైంది, కాకపోతే డ్రైవరు సొంత ఫోన్ కాకుండా లారీకంటూ విడిగా ఒక ఫోన్ కొనండి. షోరూము తెర వద్దు. షాపు తెర ఇప్పుడే వద్దు, వారంటీ అయ్యాక కావాలంటే చూసుకోవచ్చు.

ముందు 55 వేల సంగతి చూద్దాం. లోనులో కలిపితే చేతి నుంచి ఏమీ పోనట్టే ఉంటుంది. కానీ 11 శాతానికి 48 నెలలంటే లక్షకు కంతు సుమారు 2,585 రూపాయలు. ఆ లెక్కన 55 వేలకు నెలకు 1,422 అవుతుంది. నాలుగేళ్లలో మీరు కట్టేది 68,200 పైచిలుకు, అందులో 13 వేలకు పైగా వడ్డీయే. ఇంజను, చాసిస్ లాంటివాటికి అప్పు చేయడంలో అర్థం ఉంది, అవి పదేళ్లు సంపాదించి పెడతాయి. మ్యాప్ తెర అలాంటిది కాదు. కంతులు సగం కూడా తీరకముందే దాని సాఫ్ట్‌వేర్ పాతబడుతుంది. పాత లారీ కొనేవాళ్లు చూసేది టైర్లు, ఇంజను, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), చాసిస్‌లో వెల్డింగు మచ్చలు. తెర ఉందని బేరంలో ఎవరూ పైకం పెంచరు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. కంపెనీ లారీతో పాటు ఇచ్చేది చాలాసార్లు నావిగేషన్ కాదు, ట్రాకింగ్. టాటాలో ఫ్లీట్ ఎడ్జ్, అశోక్ లేలాండ్‌లో ఐ-అలర్ట్ ఆ రకానివే. బండి ఎక్కడుంది, ఎంత వేగంతో పోతోంది, డీజిల్ ఎంత తాగింది అనేవి మీ ఫోన్లో కనిపిస్తాయి. డ్రైవరుకు దారి చెప్పేది వేరే పని. ట్రాకింగ్ బండితో ఎలాగూ వస్తుంటే వాడుకోండి, కొత్త డ్రైవరున్న ఓనరుకు అది బాగా పనికొస్తుంది. ఉచితం ఎన్నాళ్లు, ఆ తర్వాత ఏడాదికి ఎంత అనేది మాత్రం కొటేషన్ మీద రాయించుకోండి. షోరూములో బండి తాళం తిప్పించి, తెర మీద చెన్నై పోర్టు అని కొట్టి చూడండి. ఫోన్ కలిపితేనే మ్యాప్ వచ్చే తెర అయితే, మీరు 55 వేలిచ్చి కొంటున్నది మీ ఫోన్‌కు పెద్ద అద్దం మాత్రమే. ఏసీ కూడా వస్తుంది కదా అని ఆ మోడల్ వైపు లాగితే ఒప్పుకోవద్దు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ సరుకు లారీలన్నిటికీ ఏసీ క్యాబిన్ ఎలాగూ తప్పనిసరి.

ఇక షాపు తెర. ధర 18 వేలే అయినా దాంతో ఆగదు. ముందు మీ బండి బ్యాటరీ 12 వోల్టులా 24 వోల్టులా అడగండి. ఈ సైజు లారీలు ఎక్కువగా 24 వోల్టులవే, రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి ఉంటాయి. షాపులో దొరికే తెరలు ఎక్కువగా కార్లకోసం చేసిన 12 వోల్టులవి. అందుకని కొందరు ఎలక్ట్రీషియన్లు రెండు బ్యాటరీల మధ్య నుంచి వైరు లాగి, ఒక్క బ్యాటరీ కరెంటుతో తెర నడిపిస్తారు. ఆ రోజుకు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కానీ ఆల్టర్నేటర్ రెండింటికీ కలిపి 28 వోల్టుల దాకా ఛార్జింగు ఇస్తుంది, ఏది ఎంత ఖాళీ అయిందో దానికి తెలియదు. తెర వాడుకున్న బ్యాటరీ ఎప్పుడూ సగం ఆకలితో ఉంటుంది, రెండోదానికి ఛార్జింగు మితిమీరి నీళ్లు ఆవిరైపోతాయి. కొన్ని నెలల్లో రెండూ పాడవుతాయి, జత మార్చాలంటే 18 వేల తెరకంటే ఎక్కువే పట్టొచ్చు. తప్పు బ్యాటరీ కంపెనీ మీదికి పోతుంది, అసలు కారణం ఆ ఒక్క వైరు.

సరిగ్గా చేయాలంటే 24 నుంచి 12కు దించే పది ఆంపియర్ల కన్వర్టరు కావాలి. బ్యాటరీ వైపు వైరు మొదట్లోనే, జానెడు దూరంలో, ఏడున్నర ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. వైరు 1.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. రేకు గుండా పోయే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే రింగు) వేయాలి, లేకపోతే అదురుకు తోలు ఊడి రేకుకు తగులుతుంది. క్యాబిన్లలో మంటలకు ఇదొక కారణం. తెరకు వచ్చే పసుపు వైరు నేరు కరెంటుకు, ఎరుపు వైరు తాళం తిప్పితేనే వచ్చే కరెంటుకు కలపాలి. రెండూ కలిపి నేరు కరెంటుకే బిగిస్తే తాళం తీసినా తెర నిద్రపోదు. లోడు కోసం రెండు రోజులు నిలిపిన బండి మూడోరోజు స్టార్టు కాదు. జీపీఎస్ యాంటెన్నాను డ్యాష్‌బోర్డు లోపల రేకు కింద పెట్టకూడదు, అద్దం మూలన ఆకాశం కనిపించేచోట పెట్టాలి. చవకరకం డ్యాష్ కెమెరా పక్కన ఉంటే దాని విద్యుత్ రొదకు సిగ్నల్ చెదురుతుంది, ఓ మూర దూరం జరపండి.

కన్వర్టరు, మంచి వైరింగు కలిపితే షాపు తెర 22 వేలు అనుకోండి. దీన్ని ఇన్సూరెన్సు పాలసీలో చూపించాలి. కంపెనీ బిగించి ఇచ్చింది బండి విలువలోనే కలిసిపోతుంది. తర్వాత బిగించిన ఎలక్ట్రానిక్ సామానుకు విడిగా ప్రీమియం కట్టాలి, మామూలు లెక్క దాని విలువలో 4 శాతం. 18 వేలకు 720, పైన జీఎస్టీ. చెప్పకపోతే దొంగతనం జరిగినా ప్రమాదంలో పగిలినా పైసా రాదు. నాలుగేళ్లకు అన్నీ కలిపి 25 వేల దగ్గర తేలుతుంది. అసలు భయం డబ్బు కూడా కాదు. కొత్త బండి వైరింగు కోసి అతికిస్తే, రేపు ఎలక్ట్రికల్ సమస్య వచ్చినప్పుడు వారంటీ నిరాకరించడానికి సర్వీసు సెంటరుకు కారణం చేతికిచ్చినట్టే.

12 వేల జీపీఎస్ పెట్టె గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. చాలావాటిలో ట్రాఫిక్ కనిపించదు, మ్యాప్ అప్‌డేట్ కోసం చాలాసార్లు కంప్యూటరుకు తగిలించాలి. మన జిల్లా మీదుగా బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే, చిత్తూరు–తచ్చూరు ఆరు వరసల రోడ్డు పనులు నడుస్తున్నప్పుడు పాత మ్యాపుతో తిరగడం మంచిది కాదు. లారీ ఎత్తు, బరువు ఎక్కిస్తే దానికి తగ్గ దారి మన దేశపు మ్యాపులో చూపించగలిగితే మాత్రం ఆలోచించండి. అది షాపులోనే మీ కళ్ల ముందు చేసి చూపమనండి.

ఫోన్ లెక్క ఇలా ఉంటుంది. 11 వేల లోపు ఫోన్, 900కు గట్టి క్లాంపు స్టాండు, 700కు ఛార్జరు. ఛార్జరు మీద 12–24 వోల్టులు అని రాసి ఉండాలి, 12 అని మాత్రమే ఉన్నది 24 వోల్టుల బండిలో పెట్టిన రోజే కాలిపోవచ్చు. ఎండకూ అదురుకూ ఫోన్ రెండేళ్లే ఆగుతుందనుకుని రెండు ఫోన్ల ఖర్చు వేసినా నాలుగేళ్లకు 23,600. షాపు తెరకూ దీనికీ డబ్బులో పెద్ద తేడా లేదన్నది నిజమే. కానీ ఈ ఖర్చు ఒక్కసారి మీద పడదు, వైరు కోయనక్కర్లేదు. పైగా ఈ-వే బిల్లు, దించిన సరుకు రసీదు ఫోటో, ఫాస్టాగ్ రీఛార్జి అన్నీ అందులోనే అయిపోతాయి. ఒక నష్టం ఉంది. విడిగా ఉన్న ఫోన్ లారీ పాలసీ కిందికి రాదు, కాబట్టి రాత్రి బండి దిగేటప్పుడు డ్రైవరు దాన్ని వెంట తీసుకుపోవాలి.

స్టాండును అద్దానికి రబ్బరు కప్పుతో అంటించకండి, మన ఎండకు మధ్యాహ్నానికే ఊడిపడుతుంది. డ్యాష్‌బోర్డుకు స్క్రూతో, ఏసీ గాలి తగిలేచోట, చూపుకు అడ్డం రాకుండా బిగించండి. నేరుగా ఎండ పడుతూ, పైగా ఛార్జింగులో ఉంటే ఫోన్ వేడెక్కి ఆగిపోతుంది, నెలల్లో బ్యాటరీ ఉబ్బుతుంది. 80 శాతం దగ్గర ఛార్జింగు ఆపే సెట్టింగు ఉంటే పెట్టేయండి. దారి చూసుకోవడానికి మాత్రమే ఫోన్ వాడటాన్ని 2020లో సవరించిన మోటారు వాహనాల నిబంధనలు అనుమతిస్తున్నాయి, డ్రైవరు ధ్యాస చెదరకూడదన్నది షరతు. చేత్తో పట్టుకుని చూస్తే కేసు పడొచ్చు. అందుకే స్టాండు దగ్గర పొదుపు చేయొద్దు.

ఏ పరికరం కొన్నా, అసలు నష్టం వచ్చేది మ్యాప్ వాడే తీరులో. గూగుల్ మ్యాప్స్ మీ బండి ఎత్తు, బరువు అడగదు, దాని దృష్టిలో మీది కారే. బైకు గుర్తు మీద ఉండిపోతే ఇంకా ఘోరం, సందుల్లోకి లాక్కుపోతుంది. చిత్తూరు నుంచి పోర్టుకు రాణిపేట, వాలాజాపేట, కాంచీపురం, శ్రీపెరంబుదూరు మీదుగా పెద్ద రోడ్డే పట్టాలి. కిలోమీటర్లు తగ్గుతాయని పల్లెదారి చూపిస్తే ఒప్పుకోకుండా, ఈ ఊళ్లను నడిమి మజిలీలుగా ముందే కలిపి, ఆ లింకును వాట్సాప్‌లో లారీ ఫోన్‌కు పంపండి. పాకాల–కాట్పాడి రైలు మార్గం దాటేచోట అండర్‌బ్రిడ్జి వస్తే ఎత్తు బోర్డు చూశాకే దిగమని డ్రైవరుకు గట్టిగా చెప్పండి. వానాకాలంలో నీళ్లుంటే అసలే వద్దు. నగరాల్లో భారీ బండ్ల నో ఎంట్రీ వేళలు మ్యాప్ చెప్పదు, అవి కాగితం మీద రాసి క్యాబిన్లో అతికించండి.

చిత్తూరు నుంచి చెన్నై దాకా, ఇటు పలమనేరు, కుప్పం వైపు ఆఫ్‌లైన్ మ్యాప్ దింపి పెట్టండి. మొగిలి ఘాట్‌లో డేటా పోయినా జీపీఎస్ పోదు. అది ఉపగ్రహాల నుంచి వస్తుంది, టవరుతో పనిలేదు. పోయేది మ్యాప్ బొమ్మ, ట్రాఫిక్ సమాచారం మాత్రమే. బొమ్మ ముందే ఫోన్లో ఉంటే దారి తప్పరు. దారి తప్పితే ఎంతవుతుందో కూడా చూడండి. లీటరుకు ఐదు కిలోమీటర్లు, డీజిల్ 97 రూపాయలు అనుకుంటే కిలోమీటరుకు 19 రూపాయల పైనే. నెలకు రెండుసార్లు పదిహేనేసి కిలోమీటర్లు చుట్టు తిరిగితే 580. ఫోన్ ఖర్చుకు ఇది చాలు, కానీ నెలకు 1,422 కంతును సమర్థించడానికి చాలదు.

పన్ను తగ్గుతుందని ఎవరైనా చెబితే ఒక్క మాట అడగండి. ఆదాయపు పన్ను రిటర్ను 44ఏఈ సెక్షన్ అని మనకు అలవాటైన అంచనా లాభం పద్ధతిలో వేస్తున్నారా? పది బండ్ల లోపు ఓనర్లు చాలామంది అలాగే వేస్తారు. స్థూల బరువు 12 టన్నులు దాటిన బండికి టన్నుకు నెలకు 1,000 లెక్కన లాభం చూపిస్తారు, మీ 18.5 టన్నుల బండికి అది నెలకు 18,500. ఆ పద్ధతిలో విడిగా తరుగుదల గానీ, పరికరాల ఖర్చు గానీ తీసేయడానికి ఉండదు. కాబట్టి ఏది కొన్నా పన్ను ఒక్క రూపాయి తగ్గదు. బాడుగ మీద జీఎస్టీని సరుకు యజమానే 5 శాతం కడుతుంటే, పరికరం మీద మీరు కట్టిన జీఎస్టీ కూడా వెనక్కి రాదు. పూర్తి ధర మీ జేబులోంచే అనుకుని బేరమాడండి.

చేతిలోని 40 వేలలో ఫోన్ సరంజామాకు 13 వేల లోపే పోతుంది. మిగిలిన 27 వేలు విడి ఖాతాలో ఉంచండి. మామిడి సీజన్ అయిపోయి బాడుగలు పలచబడ్డ నెలలో కంతు కట్టడానికి అదే దిక్కు. తెర వద్దనడంతో కట్టనక్కర్లేని కంతు 1,422లో నెలకు 1,400 రికరింగ్ డిపాజిట్ వేస్తే, 6.5 శాతం వడ్డీకి 48 నెలల్లో 76 వేలు దాటుతుంది. అది టైర్లకు. బెల్లం దించే ఇరుకు గోదాముల కోసం రివర్స్ కెమెరా కావాలనిపిస్తే, దానికి 24 వోల్టుల్లో పనిచేసే చిన్న తెర సెట్టు విడిగా దొరుకుతుంది. దాన్ని కంపెనీ సర్వీసు సెంటరులోనే బిగించుకోండి.

ఇదంతా లోను ఫైలు బ్యాంకుకు వెళ్లకముందే తేలాలి. తెర లేని మోడల్‌కు కొత్త కొటేషన్ రాయించి, అందులో యాక్సెసరీస్ అనే గంపగుత్త గడి ఉంటే ఏ వస్తువుకు ఎంతో విడగొట్టమని అడగండి. లోను మొత్తం కూడా 55 వేలు తగ్గిందో లేదో సంతకానికి ముందు చూడండి. మోడల్ మార్చి, లోను మొత్తం అలాగే ఉంచేస్తే ఆ వడ్డీ మీ నెత్తినే ఉంటుంది.