ఫీజు తీసుకోలేదు, చీటీ రాయలేదు... అయినా బాధ్యత ఉంటుందా?

ప్రశ్న: నేను ఎంబీబీఎస్ డాక్టర్‌ని, సొంత క్లినిక్ ఉంది. ఎనిమిది నెలల కిందట బీపీకి చూసిన ఒక పెద్దాయన కోడలు ఓ రాత్రి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టింది. వేరే ఊళ్లో ఉన్న మామయ్యకు గుండె దగ్గర మంటగా ఉందని, చెమటలు పడుతున్నాయని చెప్పింది. గ్యాస్ అయి ఉంటుందని పాంటోప్రజోల్ వేయమని టైప్ చేశాను. మర్నాడు ఆయన్ని గుండెపోటుతో ఆస్పత్రిలో చేర్చారు. ప్రాణాపాయం తప్పింది. ఇప్పుడు లాయర్ నోటీసు వచ్చింది. నేను ఫీజు తీసుకోలేదు, మందుల చీటీ కూడా రాయలేదు. ఇదీ వైద్యం కిందికే వస్తుందా? ఆ చాట్ తీసేయొచ్చా? ఒక టెలీమెడిసిన్ (ఫోన్, ఇంటర్నెట్ ద్వారా వైద్య సలహా) యాప్ వాళ్లు చేరమంటున్నారు, చేరవచ్చా?

జవాబు: డాక్టర్ గారూ, ముందు చాట్ సంగతి. దాన్ని ముట్టుకోకండి. మీ ఫోన్‌లో తీసేసినా అవతలి ఫోన్‌లో ఉండనే ఉంటుంది. పైగా సాక్ష్యంగా పనికొచ్చే ఎలక్ట్రానిక్ రికార్డును కావాలని నాశనం చేయడం భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద నేరం. మీ పొరపాటు ఒకటైతే దాని పక్కన రెండోది చేర్చుకున్నట్టు అవుతుంది.

ఇక అది వైద్యమేనా అంటే, వైద్యమే. 2020 మార్చి 25న వచ్చిన టెలీమెడిసిన్ ప్రాక్టీస్ మార్గదర్శకాల్లో వీడియో, ఆడియో, టెక్స్ట్ మూడూ కన్సల్టేషన్ పద్ధతులే. తర్వాత వాటిని 2002 నాటి వైద్య వృత్తి ప్రవర్తన నిబంధనలకు అనుబంధంగా చేర్చారు. 2023 ఆగస్టులో కొత్త నిబంధనలు వచ్చాయి కదా అని చాలామంది డాక్టర్లు అడుగుతుంటారు. అవి వచ్చిన నెలలోనే నిలిపివేశారు, కాబట్టి 2002 నిబంధనలతోనే మన పని. ఎదురుగా కూర్చున్న రోగి విషయంలో ఎంత జాగ్రత్త అవసరమో, తెర అవతలి రోగి విషయంలోనూ అంతే అవసరమన్నది ఆ మార్గదర్శకాల సారం.

నోటీసు పంపిన లాయర్ ఎక్కడ పట్టుకుంటారో చెబుతాను. ‘నా పాత పేషెంటే’ అన్న మాట మీకు సాయపడదు. నేరుగా చూసి ఆరు నెలల లోపు, అదే జబ్బుకు మళ్లీ మాట్లాడితేనే ఫాలో అప్. మీరు చూసి ఎనిమిది నెలలైంది, అప్పుడు చూసింది బీపీకి, ఇప్పుడు చెప్పింది గుండె దగ్గర మంట. కాబట్టి ఇది మొదటి కన్సల్టేషన్ కిందే లెక్క. మొదటిసారి వీడియో లేకుండా రాయదగ్గ మందులు చాలా తక్కువ. పారాసిటమాల్, ఓఆర్‌ఎస్ లాంటి మామూలుగా దొరికేవే. పాంటోప్రజోల్ షెడ్యూల్ హెచ్ మందు, అంటే డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సింది. టైప్ చేసి ‘ఇది వేయండి’ అన్నా చీటీ రాసినట్టే చూస్తారు.

నిజానికి ఆ మాత్ర వల్ల ఆయనకు హాని జరిగిందని ఎవరూ అనరు. అసలు చిక్కు వేరే. ఆ వాయిస్ మెసేజ్‌లో మంట అన్న మాట పట్టుకున్నారు, చెమటలు అన్న మాట వదిలేశారు. వయసు, బీపీ, చెమటలు ఈ మూడూ మీకు తెలుసు. ఎడమ చేయి లాగుతోందా, ఆయాసం ఉందా అని ఒక్క ప్రశ్నైనా చాట్‌లో కనిపించదు. ఆయనతో మాట్లాడింది లేదు, వీడియో కాల్ చేసింది లేదు. అత్యవసరం అనిపించినప్పుడు ప్రథమ చికిత్స చెప్పి, వెంటనే ఆస్పత్రికి వెళ్లమనడమే డాక్టర్ బాధ్యత అని మార్గదర్శకాలు చెబుతున్నాయి. ‘ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి’ అని ఒక్క వాక్యం టైప్ చేసి ఉంటే ఈ నోటీసుకు జవాబు రెండు పేరాల్లో అయిపోయేది.

ఉచితంగా చెప్పాను అన్న వాదన కొంతవరకే పనికొస్తుంది. వినియోగదారుల చట్టం ఉచిత సేవను మినహాయించింది. కానీ 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు, కొందరి దగ్గర ఫీజు తీసుకుని కొందరికి ఉచితంగా చూసేచోట ఆ ఉచిత రోగులు కూడా వినియోగదారులేనంది. మీ క్లినిక్‌లో ఫీజు తీసుకుంటారు కదా, అవతలివాళ్లు ఆ తీర్పునే ముందుకు తెస్తారు. ఫిర్యాదు వాళ్లుండే ఊళ్లోనే వేసుకోవచ్చు, గడువు రెండేళ్లు. డాక్టర్ల వృత్తి ప్రవర్తనను విచారించే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు వెళ్తే, దానికి ఫీజుతో సంబంధమే లేదు.

క్రిమినల్ కేసు గురించి టెన్షన్ పడకండి. డాక్టర్‌ను నేరస్థుడనాలంటే తీవ్రమైన నిర్లక్ష్యం కనిపించాలని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీ వైపూ బలమైన వాదన ఉంది: ఆ కొన్ని గంటల ఆలస్యం వల్లే గుండెకు నష్టం పెరిగిందని వాళ్లే నిరూపించాలి. ఆస్పత్రిలో చేరిన సమయం, మొదటి ఈసీజీ చూడకుండా ఎవరూ ఆ మాట తేల్చలేరు.

ఈరోజే చేయాల్సినవి చెబుతాను. జరిగింది జరిగినట్టు టైముతో సహా కాగితం మీద రాసుకోండి. ఇండెమ్నిటీ పాలసీ (వైద్యంలో పొరపాటుపై వచ్చే కేసుల ఖర్చుకు డాక్టర్లు తీసుకునే బీమా) ఉంటే ఇన్సూరెన్స్ కంపెనీకి వెంటనే తెలపండి, ఆలస్యమైతే క్లెయిమ్‌కు అడ్డు చెబుతారు. కుటుంబంతో ఫోన్‌లో వాదించకండి, క్షమాపణ మెసేజులూ పెట్టకండి. నోటీసుకు జవాబు లాయర్ ద్వారానే వెళ్లాలి. వాళ్లు రికార్డులు అడిగితే మాత్రం 72 గంటల్లో ఇవ్వాల్సిందే.

యాప్‌లో చేరడం తప్పేమీ కాదు. సంతకానికి ముందు ఒప్పందం పూర్తిగా చదవండి. మీ రిజిస్ట్రేషన్ నంబర్ ప్రతి చీటీ మీదా, రసీదు మీదా ఉండాలి. చాట్, కాల్ లాగ్‌ల కాపీ మీకూ అందాలి, యాప్ మూతపడితే మీ సాక్ష్యం కూడా దాంతోపాటే పోకూడదు. నిద్రమాత్రగా చాలామంది అడిగే అల్ప్రజోలం లాంటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల చట్టం) కిందికి వచ్చే మందులు టెలీ చీటీ మీద రాయకండి. ‘నేరుగా రండి’ అని చెప్పే స్వేచ్ఛకు అడ్డొచ్చే షరతు ఏ రూపంలో ఉన్నా కొట్టేయించండి. నిమిషాల లెక్కన డబ్బిచ్చే ఒప్పందాల్లో ఇది ఎక్కడో ఓ మూల దాక్కుని ఉంటుంది. విదేశాల్లో ఉన్నవాళ్లను మీకు కలిపితే ఒప్పుకోకండి, ఈ మార్గదర్శకాలు దేశం దాటి వర్తించవు.