సొంత డెస్క్‌టాప్ కడితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ మూడో ఏడాది. ఇద్దరు స్నేహితులతో కలిసి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు సొంత డెస్క్‌టాప్ (తెరమీద మెనూలు, విండోలు చూపించే సాఫ్ట్‌వేర్) తయారుచేస్తున్నాడు. రాత్రిళ్లు నిద్రపోడు. ఇది ఉద్యోగానికి పనికొస్తుందా? ఇప్పటికే ఉన్న డెస్క్‌టాప్‌లు గ్నోమ్, కేడీఈల్లో ఏది నేర్చుకుంటే మేలు? – ఒక తండ్రి

జవాబు: కొడుకు కాలం పాడుచేసుకుంటున్నాడేమోనన్నది మీ అసలు బెంగ. పాడుచేసుకోవడం లేదండి, నిశ్చింతగా ఉండండి. కాకపోతే ఈ సొంత డెస్క్‌టాప్ మోజు మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి.

కేడీఈ 1996లో మొదలైంది. అది వాడే క్యూటీ (తెరమీది బటన్లు, విండోలు తయారుచేసే టూల్‌కిట్) లైసెన్సు నచ్చక 1997లో గ్నోమ్ పుట్టింది. 2011లో గ్నోమ్ 3 నచ్చనివాళ్లు మాటే, సిన్నమన్ అనే వేరే డెస్క్‌టాప్‌లు మొదలుపెట్టారు. గ్నోమ్ ఫైల్ మేనేజరు నాటిలస్ నుంచి మాటేకు కాజా, సిన్నమన్‌కు నీమో అలాగే చీలాయి. ఉమ్మడి పాత కోడ్‌లో తప్పు దొరికితే మూడుచోట్లా విడివిడిగా దిద్దుకోవాల్సిందే.

లినక్స్‌లో తెరమీద విండోలను చూపించే కొత్త పద్ధతి వేలాండ్. అందులో స్క్రీన్ షేరింగ్ సంగతి చూడండి. ఏ అప్లికేషనూ తెరను నేరుగా చదవలేదు, పోర్టల్ అనే మధ్యవర్తి ప్రోగ్రామ్‌ను అడగాలి. పోర్టల్ వెనక ఆ డెస్క్‌టాప్‌కు తగ్గ బ్యాకెండ్ (అసలు పని చేసిపెట్టే భాగం) ఉండాలి. తెరమీది దృశ్యం పైప్‌వైర్ అనే ఆడియో, వీడియో చేరవేసే సాఫ్ట్‌వేర్ మీదుగా రావాలి. గ్నోమ్‌కు ఒక బ్యాకెండ్, కేడీఈకి మరొకటి, డబ్ల్యూఎల్‌రూట్స్ అనే లైబ్రరీ మీద కట్టినవాటికి ఇంకొకటి. ప్యానెల్, మెనూ ముగ్గురు కుర్రాళ్లు త్వరగానే చేసేస్తారు. ఇక్కడా, చూపులేనివారికి తెరను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ దగ్గరా, రెండు మానిటర్లకు వేర్వేరు స్కేలింగ్ (అక్షరాల, బొమ్మల సైజు) దగ్గరా బండి ఆగిపోతుంది. ఆగిపోయిన ప్రాజెక్టు చూపిస్తే ఇంటర్వ్యూలో ‘దీన్ని ఎవరు వాడుతున్నారు?’ అని అడుగుతారు.

అదే కష్టాన్ని ఉన్న ప్రాజెక్టులో పెట్టమనండి. గ్నోమ్‌లో కొత్తవాళ్ల కోసం ‘న్యూకమర్స్’ గుర్తుతో ఇష్యూలు (దిద్దాల్సిన పనుల జాబితా) ఉంటాయి. ముందు సోర్సు కోడ్ నుంచి ప్రోగ్రామ్‌ను బిల్డ్ చేయాలి. తప్పు తన మెషీన్‌లో మళ్లీ వచ్చేలా చేయాలి. ఒక తప్పుకు ఒకే మెర్జ్ రిక్వెస్ట్ (నా దిద్దుబాటు కలుపుకోండి అనే వినతి) పంపాలి. రెండు లైన్ల దిద్దుబాటుతోపాటు ఫైలంతా ఇండెంటేషన్ (లైన్ల ముందు వదిలే ఖాళీ) మార్చి పంపితే రివ్యూ చేసేవాళ్లు తిప్పి పంపుతారు. అడిగినవి దిద్ది, అదే రిక్వెస్ట్‌లో మళ్లీ పంపే ఓపిక అలవడితే కంపెనీలో రోజూ చేసే పని వచ్చేసినట్టే.

ఏది మేలంటారా? క్యూటీ, సీ++ కార్ల తెరల్లోనూ, వైద్య పరికరాల్లోనూ పనికొస్తాయి కాబట్టి కేడీఈ వైపు అవకాశాలు కాస్త విశాలం. అబ్బాయికి గ్నోమే ఇష్టమైతే అడ్డుపడకండి.

మీకూ ఒక మాట చెప్పాలి. ‘అది మానేసి చదువుకో’ అనేముందు, ఏం కట్టావో చూపించరా అని ఒక్కసారైనా పక్కన కూర్చున్నారా? ఉత్తరంలో నిద్ర గురించి రాశారు గానీ, వాడు రాసిన కోడ్ గురించి ఒక్క ముక్క లేదు. నిద్రకు వేళ పెట్టండి, ల్యాప్‌టాప్ లాక్కోకండి.

కట్టినదాంట్లో బాగా కుదిరిన భాగమేదైనా ఉంటే ఎల్‌ఎక్స్‌క్యూటీ అనే తేలికపాటి డెస్క్‌టాప్ చేసే జట్టు లాంటి చిన్న జట్టుకు పంపమనండి. ఎల్‌ఎక్స్‌డీఈ, రేజర్-క్యూటీ జట్లు పంతాలకు పోకుండా కలిసి పనిచేయబట్టే అది తయారైంది.